సింహద్వారానికి టేకు, పడకగదికి పొట్టుబల్ల

ఈ పత్రిక పుటలలో శొంఠి, పిప్పలి, తిప్పతీగ, ఉసిరిక వంటి వాటి గుణగణాలను చదవడానికి అలవాటుపడిన పాఠక మహాశయులకు, తలుపుల గురించి ఒక వ్యాసమేమిటని ఆశ్చర్యం కలగవచ్చు. తలుపులకూ ఆరోగ్యానికీ సంబంధమేమిటని నేను కూడా చాలాకాలం అనుకున్నవాడినే. ఆ సంబంధం ఎంత దగ్గరిదో మా మనుమరాలి దగ్గు నాకు నేర్పింది. నేను చేసిన పొరపాటు మరొక ఇంట జరగకూడదనే ఉద్దేశంతోనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

2022 ఫిబ్రవరిలో కాకినాడలో మా అబ్బాయి కట్టించిన ఇంట్లో గృహప్రవేశం చేశాము. మధ్యతరగతి వారందరిలాగే మేమూ చూసి చూసి ఖర్చు పెట్టాము. సింహద్వారం మాత్రం ఘనంగా ఉండాలని అందరి కోరిక. చేవగల టేకు, దానిమీద కలశమూ, లతలూ చెక్కిన పనితనం, ఇత్తడి పిడి, గడపకు పసుపు, తోరణం. వచ్చిన బంధువులందరూ ఆ ద్వారం ముందు నిలబడి మెచ్చుకున్నారు. ఆ మెప్పుకోసం పెట్టిన డబ్బును లోపలి తలుపుల దగ్గర మిగుల్చుకున్నాము. పడకగదులకు దుకాణంలో దొరికిన చవక ఫ్లష్ డోర్లు తెచ్చి బిగించాము. పైన చక్కని లామినేట్ షీటు ఉన్నందువల్ల చూడటానికి అవీ టేకులాగే ఉన్నాయి.

మార్చి నెలలో ఎండలు ముదిరేసరికి ఆరేళ్ళ మా మనుమరాలికి దగ్గు పట్టుకుంది. రాత్రివేళ పొడిదగ్గు, తెల్లవారేసరికి కళ్ళు ఎర్రబడటం, ముక్కు కారటం. పిల్లల డాక్టరుగారు పరీక్షించి, జ్వరంగాని, ఊపిరితిత్తులలో నిమ్ముగాని లేవనీ, ఏదో పడకపోవడం వల్ల వచ్చినట్టుందనీ చెప్పి మందులు వ్రాసిచ్చారు. వాటితోపాటు ఇంట్లో నా వైద్యమూ మొదలైంది. తులసి రసంలో తేనె కలిపి ఇచ్చాను. మిరియాల కషాయం, పసుపు కలిపిన పాలు, వాము మూటతో కాపడం, ఇలా నాకు తెలిసినవన్నీ వరుసగా చేశాను. ఒకనాడు తగ్గినట్టుండేది, మరునాడు మళ్ళీ మొదటికి వచ్చేది. చిక్కిపోతున్న ఆ పసిదాన్ని చూస్తుంటే ఇంటిల్లిపాదికీ మనసు మనసులో ఉండేది కాదు.

మే నెలలో సెలవులకు దానిని కోనసీమలోని అమ్మమ్మగారి ఊరికి పంపాము. అక్కడ వారం తిరగకుండానే దగ్గు మాయమైంది. ఊరి గాలి, కొబ్బరినీళ్ళు పనిచేశాయని సంతోషించాము. జూన్‌లో బడి తెరిచే వేళకు తిరిగి వచ్చింది. నాలుగు రోజులు గడిచాయో లేదో, అదే దగ్గు, అవే ఎర్రని కళ్ళు.

ఆ సమయంలో నా చిరకాల మిత్రులైన ఒక ఆయుర్వేద వైద్యులు మా ఇంటికి వచ్చారు. విషయమంతా విని, నా కషాయాల పట్టిక కూడా ఓపికగా విన్నారు. చివరకు ఇలా అడిగారు.

"మాస్టారూ, అమ్మాయి ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఏం మందు ఇచ్చారండీ?"

"ఏమీ ఇవ్వలేదండీ."

"మందు లేకుండా అక్కడ తగ్గింది. మందు ఇస్తున్నా ఇక్కడ తగ్గలేదు. అయితే వెతకవలసింది మందును కాదు, ఈ ఇంట్లో ఉన్న కారణాన్ని."

తరువాత ఆయన పిల్ల పడుకునే గది కిటికీలు, తలుపు మూయించి, మధ్యాహ్నపు ఎండవేళ గంటసేపు అలాగే ఉంచమన్నారు. గంట తరువాత తలుపు తీసి నన్ను లోపలికి వెళ్ళమన్నారు. ముక్కుకు ఘాటైన వాసన తగిలింది, కళ్ళు చురుక్కుమన్నాయి. రోజూ ఆ ఇంట్లోనే తిరుగుతున్న నాకు ఆ వాసన ఎన్నడూ అంతగా తెలియలేదు. మన ముక్కు స్వభావం అటువంటిది. దేనికైనా కొద్దిసేపట్లో అలవాటుపడి ఊరుకుంటుంది, అంతమాత్రాన శరీరం ఊరుకోదు.

నిదానం తెలియని చికిత్స

రోగాన్ని కలిగించిన కారణాన్ని తొలగించడమే చికిత్సకు మొదటి మెట్టు అని ఆయుర్వేదం చెబుతుంది. దీనినే నిదాన పరివర్జనం అంటారు. ఈ మాట నాకు తెలియనిది కాదు, పదిమందికి చెప్పినదే. కాని నా ఇంట్లో నేనే దానిని మరచి, నిదానాన్ని బందులకు వ్రేలాడదీసి ఉంచి, పసిదాని గొంతులో కషాయం పోస్తూ కూర్చున్నాను.

మరునాడు వడ్రంగిని పిలిపించి ఆ తలుపును ఊడదీయించాము. అటూ ఇటూ అందంగా కనిపించే తలుపుకు పై అంచు, క్రింది అంచు పచ్చిగా వదిలేసి ఉన్నాయి. నిలబెట్టిన తలుపు పై అంచును ఎవరు చూస్తారు? క్రింది అంచును ఎవరు తడుముతారు? లోపల కర్రముక్కలు కూర్చి ఉన్నాయని దుకాణంలో చెప్పి అమ్మారు. తీరా చూస్తే లోపల ఉన్నది కొయ్యపొట్టును జిగురుతో కలిపి అదిమి చేసిన పార్టికిల్ బోర్డు. గోటితో గీకితే పొట్టు రాలింది.

ఇక్కడ అసలు విషయం ఆ జిగురు. చవకరకం ప్లైవుడ్, పార్టికిల్ బోర్డు, ఎం.డి.ఎఫ్. బల్లలలో ఎక్కువగా యూరియా ఫార్మాల్డిహైడ్ అనే జిగురు వాడతారు. అది గట్టిపడిన తరువాత కూడా కొంతకాలంపాటు ఫార్మాల్డిహైడ్ వాయువును నెమ్మదిగా విడుస్తూ ఉంటుంది. కొత్తలో ఎక్కువగా వస్తుంది, క్రమేణా తగ్గుతుంది. వేడి పెరిగినా, గాలిలో తేమ పెరిగినా ఆ వాయువు మరింత వెలువడుతుంది. సముద్రతీరపు వేసవిలో ఈ రెండూ ఉంటాయి. దానికితోడు ఏసీ పెట్టుకుని తలుపులు, కిటికీలు బిగించుకుంటాము. పసిపిల్ల రాత్రి తొమ్మిది గంటలసేపు ఆ గాలినే పీలుస్తుంది.

ఈ వాయువు కళ్ళను, ముక్కును, గొంతును మండించే గుణం కలది. ఇంటిలోపలి గాలిలో అరగంట సగటున ఘనపు మీటరుకు 0.1 మిల్లీగ్రాము మించి ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో మార్గదర్శకాన్ని ప్రకటించింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దీనిని మానవులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల వర్గంలో చేర్చింది. ఈ మాట విని ఎవరూ బెంబేలెత్తవద్దు. ఆ నిర్ణయానికి ముఖ్యాధారం ఏళ్ళ తరబడి కర్మాగారాలలోను, ఆ ద్రవ్యంతోనే పనిచేసే చోట్లలోను ఉన్నవారి అనుభవం. ఒక తలుపువల్ల క్యాన్సర్ వస్తుందని నేను అనడం లేదు. కాని పసిపిల్లలు, ఉబ్బసం ఉన్నవారు, వృద్ధులు పడుకునే గదిలో దానిని మన చేతులతో మనమే తెచ్చి పెట్టుకోవడం వివేకం కాదంటున్నాను.

మా ఇంట్లో జరిగినదానిని ప్రయోగశాలలో కొలిపించలేదు కనుక అది శాస్త్రీయమైన రుజువు అని చెప్పుకోను. ఆ తలుపు తీసివేసి, మిగిలిన తలుపుల అంచులన్నీ మూయించి, పగలంతా కిటికీలు తెరిచి ఉంచిన తరువాత, రెండు మూడు వారాలలో పిల్ల దగ్గు తగ్గింది. మళ్ళీ రాలేదు. కళ్ళారా చూసినది ఇంతవరకే.

పూర్వులు చెప్పిన గది

మన ప్రాచీన వైద్యులు గది గురించి ఎంత ఆలోచించారో తెలుసుకుంటే ఆశ్చర్యం కలుగుతుంది. చరకసంహిత సూత్రస్థానం పదిహేనవ అధ్యాయంలో రోగిని ఉంచవలసిన గృహాన్ని వర్ణించారు. అది దృఢంగా ఉండాలి. ఈదురుగాలి నేరుగా తగలరాదు, అయినా ఒక పక్కనుండి గాలి చక్కగా ఆడుతూ ఉండాలి. పొగ, దుమ్ము, తేమ లోపలికి రాకూడదు. మసలడానికి సుఖంగా ఉండాలి. శారీరస్థానం ఎనిమిదవ అధ్యాయంలో శిశువును ఉంచే గది గురించి చెబుతూ, ఆ గది చీకటిగా ఉండకూడదని కూడా చేర్చారు.

ఈ లక్షణాలను మరొకసారి మననం చేసుకోండి. దృఢత్వం, గాలి తాకిడినుండి రక్షణ, ఒక పక్క గాలి ప్రసారం, పొగా దుమ్మూ లేకపోవడం, వెలుతురు. వీటిలో తలుపుతో సంబంధం లేనిది ఏది? మంచి కొయ్య మొదటి లక్షణాన్ని ఇస్తుంది, మంచి అద్దం చివరి లక్షణాన్ని ఇస్తుంది, ఆ రెండింటినీ అమర్చే తీరు మిగిలినవాటిని ఇస్తుంది. కనుక కొయ్య, అద్దం కలిసిన లోపలి తలుపును ఎంచుకోవడం అలంకారానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు, స్వస్థవృత్తంలో భాగమే అని నా అభిప్రాయం.

కొయ్య విషయం

దుకాణానికి వెళ్ళినప్పుడు రంగు, నగిషీ చూడటానికి ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఈ తలుపు లోపల ఏముంది? ఏ జిగురుతో అతికారు? నాలుగు అంచులూ మూసి ఉన్నాయా? దుకాణదారుడు విసుక్కున్నా సరే అడగండి.

ఫ్లష్ డోర్ కొనేవారు భారతీయ ప్రమాణాల సంస్థవారి ఐ.ఎస్. 2202 ముద్ర ఉన్నదేమో చూసుకోవాలి. జిగురు విషయంలో ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురుతో చేసినవి మేలు. పేరులో ఆ పదమే ఉన్నప్పటికీ, గట్టిపడిన తరువాత దానినుండి వెలువడే వాయువు యూరియా జిగురుతో పోలిస్తే చాలా తక్కువ. నీటికి కూడా అది బాగా తట్టుకుంటుంది. ఎం.డి.ఎఫ్. వంటి బల్లలే కొనవలసి వస్తే, వాయువు తక్కువగా విడుదలవుతుందని తెలిపే ఇ-1 లేక ఇ-0 గుర్తు ఉన్నవి అడిగి తీసుకోవాలి. ఏ తలుపైనా బిగించే ముందే పై అంచు, క్రింది అంచు, తాళం కోసం తొలిచిన రంధ్రం, అన్నింటినీ వార్నిష్‌తోగాని, అంచుపట్టీతోగాని పూర్తిగా మూయించాలి. దీనికయ్యే ఖర్చు స్వల్పం, ప్రయోజనం రెండు విధాలు. లోపలి వాయువు బయటకు రావడం తగ్గుతుంది, బయటి తేమ లోపలికి పోయి తలుపు ఉబ్బడమూ తగ్గుతుంది.

అసలైన కలప కొనగలిగినవారు టేకును ఎంచుకుంటే మంచిదే. టేకు చేవలో సహజంగా ఉండే నూనెలు, టెక్టోక్వినోన్ అనే పదార్థం చెదలను దరిచేరనీయవు. ఈ గుణం చేవకు మాత్రమే ఉంటుంది. బయటివైపున ఉండే లేత రంగు తెల్లచెక్కకు ఉండదు. తక్కువ ధరకు వస్తున్నదని తెల్లచెక్క ఎక్కువగా ఉన్న టేకును కొని, తరువాత పిండి రాలుతున్నదని బాధపడేవారిని చూస్తూనే ఉన్నాము. అన్నింటికీ టేకే కావాలన్న పట్టుదల కూడా అవసరం లేదు. మన పల్లెలలో వేప దర్వాజాలు, వేప తలుపులు తరతరాలుగా వాడినవే. ఏ కలపైనా బాగా ఆరి ఉండటం ముఖ్యం. పచ్చికలపతో చేసిన తలుపు వంకరలు పోతుంది, సందులు పడుతుంది. వడ్రంగిని తొందరపెట్టి ముహూర్తానికి తలుపులు బిగించమనడం మనలో చాలామంది చేసే తప్పు.

వడ్రంగం పని ఇంటిలోపల చేయించవద్దని కూడా మనవి. రంపపు పొట్టు సన్నని ధూళిగా మారి ఊపిరితిత్తులలోకి పోతుంది. కొయ్యధూళిని సైతం అంతర్జాతీయ సంస్థ 1995లోనే క్యాన్సర్ కారకాల వర్గంలో చేర్చింది. కోయడం, చిత్రిక పట్టడం ఆరుబయట జరగాలి. పనివాడి ముక్కుకు గుడ్డ కట్టుకోమని చెప్పడం మన ధర్మం. అతని ఊపిరి కూడా ఊపిరే కదా!

పాతదంతా పవిత్రం కాదు

పిల్ల గదికి కొత్త తలుపు కొనే బదులు, పడగొట్టిన ఒక పాత పెంకుటింటినుండి అమ్మకానికి వచ్చిన టేకు తలుపును తెచ్చుకున్నాము. పైభాగంలో అద్దం, క్రిందిభాగంలో పలకలు ఉన్న చక్కని తలుపు అది. మందంగా ఆకుపచ్చ రంగు వేసి ఉంది. పాతకాలపు వస్తువు, రసాయనాల బెడద లేదు అని ఎంతో మురిసిపోయాను. ఆ రంగును గరుకు కాగితంతో గీకించి, టేకు వన్నె బయటకు తీయించాలని వరండాలో సిద్ధం చేయించాను.

అప్పుడు రసాయనశాస్త్రం చదివిన మా కోడలు అడ్డుపడింది. "మామయ్యగారూ, పాత రంగులలో సీసం ఉంటుంది. పొడిగా గీకితే ఆ దుమ్మంతా పాప చేతులకే కదండీ అంటుకునేది!" అన్నది. ఆమె మాట అక్షరాలా నిజం. మన దేశంలో ఇళ్ళకు వేసే రంగులలో సీసం 90 పి.పి.ఎం. మించకూడదన్న నియమం 2016లో వెలువడి, 2017 నవంబరు 1 నుండి అమలులోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగులలో, ముఖ్యంగా మెరిసే ఎనామెల్ రంగులలో, సీసం ఉండే అవకాశం ఉంది. సీసపు ధూళి పిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది. ఇంత తక్కువైతే హాని లేదు అని చెప్పగల పరిమాణం ఏదీ లేదు.

ఆ తలుపును ఇంటినుండి దూరంగా ఉన్న కార్ఖానాకు పంపి, పొడిగా గీకకుండా, రంగును కరిగించే మందుతో తీయించాము. తరువాత తడిగుడ్డతో శుభ్రంగా తుడిపించి, ఆరబెట్టి తెచ్చుకున్నాము. రంగు చెక్కుచెదరకుండా గట్టిగా ఉన్న తలుపైతే, గీకకుండా దానిమీదనే కొత్త రంగు వేయించి మూసివేయడమూ ఒక మార్గమే. పాతదైతే మంచిదనీ, ప్రకృతిసిద్ధమైతే హానిలేదనీ గుడ్డిగా నమ్మే అలవాటు మనబోటి గృహవైద్య ప్రియులలో కొంత ఎక్కువ. నాలోనూ ఉన్నది. ఆ రోజు దానిని సరిదిద్దినది మా కోడలే.

కొయ్యకు మెరుగు కోసం పెద్దలు వాడిన అవిసెనూనె నేటికీ మంచిదే. పలుచగా పూసి, మిగిలినది తుడిచి, గాలి ఆడేచోట బాగా ఆరనివ్వాలి. ఒక్క జాగ్రత్త మాత్రం మరువరాదు. ఆ నూనెతో తడిసిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడవేస్తే, వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదముంది. వాటిని నీటిలో తడిపి, విప్పి ఆరబెట్టిన తరువాతనే పారవేయాలి.

అద్దం విషయం

నేటి ఇళ్ళలో గదికీ గదికీ మధ్య ఉండే నడవా పగలే చీకటిగా ఉంటుంది. పొద్దస్తమానం దీపం వేసుకోవలసి వస్తుంది. పూర్వం మండువా లోగిళ్ళలో ఇంటి నడుమనుండే వెలుతురు దిగేది. ద్వారాలపైన రంగు అద్దాల వెంటిలేటర్లు ఉండేవి. నేడు ఆ అవకాశం లేనివారికి తలుపులో అమర్చిన అద్దం కొంత ఆదుకుంటుంది. పగటి వెలుతురు కంటికి తగలడం రాత్రి నిద్ర సక్రమంగా పట్టడానికి కూడా సహాయపడుతుంది. అయితే అద్దంలోనుండి వచ్చే ఎండవల్ల డి విటమిన్ లభిస్తుందని మాత్రం అనుకోవద్దు. ఆ విటమిన్‌ను చర్మంలో తయారుచేసే కిరణాలను మామూలు అద్దం చాలావరకు ఆపివేస్తుంది. దానికోసం ఆరుబయట నిలబడవలసిందే.

తలుపుకు అద్దం పెట్టించేటప్పుడు మామూలు కిటికీ అద్దం వేయించవద్దు. అది పగిలితే కత్తుల వంటి ముక్కలవుతుంది. పరుగెత్తే పిల్లవాడు చేయి చాచి దానిని గుద్దితే జరిగే అనర్థం చెప్పనలవి కాదు. మేము తెచ్చిన పాత తలుపులోనూ అటువంటి అద్దమే ఉంటే తీసివేయించి, 5 మిల్లీమీటర్ల టఫెన్డ్ గ్లాసు వేయించాము. ఇది పగిలినా మొనలేని చిన్నచిన్న గుళికలుగా రాలుతుంది. రెండు అద్దాల నడుమ పొర ఉన్న లామినేటెడ్ గ్లాసు పగిలినా ముక్కలు ఆ పొరను అంటిపెట్టుకునే ఉంటాయి. అద్దం మూలన ఐ.ఎస్. 2553 గుర్తు ఉన్నదేమో చూసుకోండి. టఫెన్డ్ గ్లాసును తయారైన తరువాత కోయడంగాని, రంధ్రం చేయడంగాని కుదరదు. కనుక కొలతలు, పిడి రంధ్రాలు ముందే నిర్ణయించుకుని ఆర్డరు ఇవ్వాలి.

నేలనుండి పైదాకా అద్దమే ఉండే తలుపులు సినిమాలలో చూసి ముచ్చటపడేవారు బరువు సంగతి కూడా ఆలోచించాలి. ఒక మిల్లీమీటరు మందంగల అద్దం చదరపు మీటరుకు రెండున్నర కిలోలు తూగుతుంది. 7 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పు, 10 మిల్లీమీటర్ల మందం ఉన్న తలుపు ఇంచుమించు 49 కిలోలు ఉంటుంది. కీళ్ళనొప్పులున్న వృద్ధులకు దానిని త్రోయడం ఇబ్బంది. తేటగా ఉండటంవల్ల అక్కడ తలుపున్నదని తెలియక తల కొట్టుకునేవారూ ఉన్నారు. అటువంటిది తప్పదనుకుంటే, పెద్దల కంటి ఎత్తులో ఒకటి, పిల్లల కంటి ఎత్తులో ఒకటి మసక పట్టీలు వేయించాలి. మధ్యతరగతి ఇంటికి సరిపడేది నా దృష్టిలో నడుము ఎత్తువరకు కొయ్య, ఆ పైన అద్దం ఉన్న తలుపు. పడకగదికి గీతల అద్దంగాని, మసక అద్దంగాని పెడితే వెలుతురు వస్తుంది, చాటు కూడా ఉంటుంది.

పూజగదికి పూర్తిగా మూసుకుపోయే అద్దపు తలుపు కంటే, చిరుగంటలు కట్టిన కొయ్యజాలీ తలుపు ఉత్తమం. దీపపు వేడి, ధూపపు పొగ వెలుపలికి పోవడానికి దారి ఉంటుంది. స్నానాలగది తలుపు విషయంలో అందం కంటే ముందు ఆపద గురించి ఆలోచించాలి. లోపల జారిపడినవారు తలుపుకు అడ్డంగా పడితే, లోపలికి తెరుచుకునే తలుపును ఎవరూ త్రోయలేరు. అందుచేత అది బయటికి తెరుచుకునేదిగాను, గడియ వెలుపలినుండి కూడా తీయగలిగేదిగాను ఉండాలి. రెండున్నర అడుగుల తలుపులో చక్రాల కుర్చీ పట్టడం కష్టం. కనీసం ఒక్క పడకగదికి, దాని స్నానాలగదికి 900 మిల్లీమీటర్ల నికరమైన దారి ఉండేలా చూసుకుంటే, ముసలితనంలో మన ఇంట్లో మనం పరాయివారం కాకుండా ఉంటాము.

ధూపం వేస్తే పోతుందా?

కొత్త ఇంటి వాసన పోవడానికి సాంబ్రాణి, కర్పూరం, వేపాకు పొగ వేయమని సలహా ఇచ్చేవారు చాలామంది ఉన్నారు. నేనూ వేశాను. సాంబ్రాణి పరిమళం ఆ వాసనను కప్పిపుచ్చింది, అంతే. అసలే మండుతున్న పసిదాని ముక్కుకు పొగలోని సూక్ష్మధూళి అదనంగా తోడైంది. ధూపానికి పూజలో ఉన్న స్థానం వేరు, చికిత్సలో వైద్యుడు నిర్ణయించే స్థానం వేరు. మూసిన గదిలో వాయువు మీద పొగ వేయడం చికిత్స కాదు.

కుండీలలో మొక్కలు పెంచితే గాలి శుద్ధి అవుతుందన్న మాట కూడా ప్రచారంలో ఉంది. అమెరికా అంతరిక్ష సంస్థ 1989లో చేసిన ప్రయోగాలు దీనికి మూలం. ఆ ప్రయోగాలు జరిగింది గాలి చొరబడని చిన్న పెట్టెలలో. మనం నివసించే గదిలో అటువంటి ఫలితం రావాలంటే గది నిండా మొక్కలే ఉండాలి, మనకు చోటుండదు. మొక్కలు కంటికి హాయి కనుక పెంచుకోండి, తలుపు దోషాన్ని వాటిమీద మోపకండి.

నిజమైన గృహవైద్యం చాలా చవకైనది. కొత్త తలుపులు, అలమారాలు బిగించిన తరువాత వెంటనే ఆ గదిలో పడుకోకుండా కొన్ని వారాలైనా ఆగండి. పగలు ఎదురెదురు కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వండి. తలుపు క్రింద అర అంగుళం సందు వదిలితే, మూసినప్పుడు కూడా గాలి కదలడానికి కొంత వీలుంటుంది. ఏసీ వేసుకునేవారు పడుకోబోయే ముందు ఒకసారి, లేచిన వెంటనే ఒకసారి గదిని బార్లా తెరవండి. ఇంత చేసినా పిల్లలకు ఆయాసం, పిల్లికూతలు ఉంటే చిట్కాలతో కాలయాపన చేయక వైద్యునికి చూపించండి.

డబ్బు ఎక్కడ పెట్టాలి?

మంచివన్నీ కొనడానికి మాకు స్తోమత ఎక్కడిది అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నా సమాధానం ఒక్కటే. ఎక్కువ ఖర్చు పెట్టమని నేను అనడం లేదు, ఉన్న డబ్బునే వరుస మార్చి పెట్టమంటున్నాను. సింహద్వారం దగ్గర అతిథి రెండు నిమిషాలు నిలబడతాడు. పడకగది తలుపు వెనుక మన బిడ్డ రాత్రంతా ఊపిరి పీలుస్తుంది. సింహద్వారం మీద లతలు, కలశాలు చెక్కించే కూలిని తగ్గించుకుంటే, ఆ డబ్బు పిల్లల గదికీ, పెద్దల గదికీ మంచి జిగురుతో చేసిన తలుపులు, పగిలినా గాయపరచని అద్దాలు కొనడానికి చాలావరకు సరిపోతుంది. అన్ని తలుపులూ ఒకేసారి మార్చలేనివారు, ఇంట్లో ఎవరి ఊపిరి అన్నిటికంటే బలహీనమో వారి గదితో మొదలుపెట్టండి.

మా ఇంట్లో ఆ పాత టేకు తలుపు ఇప్పుడు పిల్ల గదికి ఉంది. పొద్దున్నే తూర్పు కిటికీ వెలుతురు దాని అద్దంలోనుండి నడవాలోకి పడుతుంది. ఎవరైనా ఇంటికి వస్తే మా ఆవిడ అలవాటుకొద్దీ సింహద్వారాన్నే చూపిస్తుంది. నేను మాత్రం వారిని లోపలికి తీసుకువెళ్ళి, ఈ తలుపు పై అంచును చేత్తో తడిమి చూడమంటాను. మీరూ ఈ వ్యాసం చదవడం పూర్తికాగానే ఒక స్టూలు వేసుకుని, మీ పిల్లలు పడుకునే గది తలుపు పై అంచును ఒక్కసారి తడిమి చూడండి. అది పచ్చిగా, గరుకుగా చేతికి తగిలితే, కషాయం కాచే ముందు వడ్రంగికి కబురు పంపండి.